కాందిశీకశబ్దమును శిబిరబాల్యమును

తెలుఁగు పత్రికలలోఁ దఱచుగాఁ గానవచ్చు సంస్కృతపదములలోఁ గాందిశీకశబ్ద మొకటి. యుద్ధమువలననో కలహమువలననో యిల్లు విడిచి పరభూమిని దలదాఁచుకొన్నవారి నందఱ నీమాటతోడనే మనము పేర్కొనుచున్నాము. అమరసింహుఁడు భయముచేఁ బరుగెత్తినవానికి దీనిని బర్యాయముగాఁ జెప్పినాఁడు. "ఏ దిక్కునకుఁ బోదును" అని పలుకువాఁడు కాందిశీకుఁ డని వ్యాఖ్యాతల నిర్వచనము. రూపసిద్ధి సుకరము గాదు. ఇట్టి యనాథపదముల కెల్లఁ బృషోదరాదిగణ మను సత్ర మొకటి మన వ్యాకరణమునఁ గలదు. తన పుట్టుక చెప్పుకొనలేని పదమునకు నచ్చట నన్నము దొరకును. అర్థము మాత్రము మిక్కిలి సొగసైనది. మనుష్యునకు వాఁడు పలికిన ప్రశ్నయే పేరైనది. వెనుక మంట, ముందు తెలియని త్రోవ. ఆ క్షణమున నోట వెడలిన మాట పదమై నిలిచినది.

తెలుఁగువారి కీపదము పుస్తకమునుండి గాక బ్రదుకునుండి యలవడినది. 1941 డిసెంబరు 23వ తేదిని రంగూను పట్టణముపై జపానువారి బాంబులు పడెను. ఆ రేవులో మూటలు మోసిన కూలీలలోఁ దెలుఁగువా రెక్కువ; కోరంగి రేవున నోడ యెక్కిపోయినవారగుటచే వీరి నచ్చటివారు కోరంగీలని పిలిచెడివారు. 1942వ సంవత్సరపుఁ దొలినెలలలో నాలుగు లక్షలకు మించిన భారతీయులు, ఆరకాను దారినిఁ గొందఱును మణిపురపుఁ గొండలమీఁదుగాఁ గొందఱును, మన దేశమునకు మరలివచ్చిరి. వేలకొలఁది జనులు నడుమనే రాలిపోయిరి. బర్మా కాందిశీకులను మాట నాఁడే మన యిండ్లలోనికి వచ్చినది. మరల 1962లో నచ్చట సైన్యప్రభుత్వ మేర్పడి, 1964లో నంగళ్లు ప్రభుత్వపరము కాఁగా, రెండవమాఱు లక్షలకొలఁది జనులు కదలిరి. విశాఖపట్టణమునఁ గంచరపాలెపు ప్రాంతమున బర్మా క్యాంపను పేట నేఁటికిని గలదు.

ఈ వ్యాసమునకుఁ బ్రేరకము మా కోటలోని యొక బాలుని ప్రశ్న. సాయంకాలమునఁ గొందఱు పిల్లలకు నమరము చెప్పుచుండఁగా నీపదము వచ్చినది. ఆనాఁటి పత్రికలో గాజాలోని జబాలియా శిబిరమును గూర్చిన వార్త యుండుటచే దానినే యుదాహరణముగాఁ జూపితిని. అంతట వెనుక వరుసలోని బాలుఁ డొకఁడు, "అయ్యవారూ! శిబిరములోనే పుట్టి యచ్చటనే యున్న పిల్లవాఁడు ఎక్కడనుండి పరుగెత్తినట్లు? కదలనివాఁడు కాందిశీకుఁ డెట్లగును?" అని యడిగెను. ఆ బాలుని ముత్తాత శ్రీహరికోట దీవినుండి లేచి వచ్చిన యానాదులలో నొకఁడు. అంతరిక్షకేంద్రమునకై యా దీవి 1969లో నెన్నిక చేయఁబడెను. 1971 అక్టోబరు 9వ తేదిని మొదటి రాకెట్టు పైకి లేచెను. ఈ నడుమ నచ్చటి పల్లెలు లేచిపోయినవి. అట్టివారిని మనము కాందిశీకులనము, నిర్వాసితు లందుము. ఒకఁడు పరుగెత్తినవాఁడు, ఒకఁడు పంపివేయఁబడినవాఁడు. కర్తృత్వమునకుఁ గర్మత్వమునకు నున్నంత భేదము. అయినను "మీదే ఊరు" అని యడిగినచో నా బాలుఁడు తా నెన్నఁడును జూడని దీవిలోని పల్లెపేరే చెప్పును.

వాని ప్రశ్నకు నేనానాఁడు సరియైన సమాధాన మీయలేదు. రూఢి యని తప్పించుకొంటిని. రూఢి యనునది పండితుని చేతి గొడుగు. ఏ వాననైనను దప్పించును. కాని పిమ్మట నీ శిబిరములనుండి యరబ్బు భాషలో వెలసిన వాఙ్మయమును, ఇంగ్లీషు పరివర్తనములలో దొరకినంత చదివితిని. చదివినకొలఁది బాలుఁడు చూపినది పదదోషము మాత్రమే గాదనియు, విమర్శదోషమనియుఁ దోఁచినది. శిబిరమునఁ బెరిగిన బిడ్డను దిక్కు తెలియనివానినిగాఁ దలఁచి చదువుటచేత నా వాఙ్మయమున కేది ప్రాణమో దానినే మనము జాఱవిడుచుచున్నాము.

వృత్తాంతమును గ్లుప్తముగాఁ జెప్పెదను. 1948లో ఇజ్రాయేలు రాజ్య మేర్పడినప్పటి యుద్ధమున నేడు లక్షలకు మించిన పాలస్తీనీయు లిండ్లు విడువవలసివచ్చెను. నాలుగువందలకు మించిన పల్లెలు శూన్యములయ్యెను. తొలుత గుడారములు, పిమ్మట రేకుల కప్పులు, తుదకు సిమెంటు గదులు, వానిపై మఱల గదులు. ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరులో వీరికై ప్రత్యేకసంస్థ నొకదానిని నెలకొల్పఁగా నది 1950 మే 1వ తేదినుండి పని చేయుచున్నది. జోర్డాను, లెబనాను, సిరియా, పశ్చిమతీరము, గాజా యను నైదు తావుల నది గుర్తించిన శిబిరములు 58. దాని పట్టికలోని జనసంఖ్య సుమారు 59 లక్షలు. అందు మూఁడవవంతు శిబిరవాసులు. ఏడు లక్షలు 59 లక్షలగుటకుఁ గారణము సంతానము. తండ్రి పేరు పట్టికలో నున్నచో బిడ్డ పేరును జేరును.

వ్యాకరణము చదివినవాని కిచ్చట నపత్యాధికారము జ్ఞప్తికి రాక మానదు. అకారాంతమగు ప్రాతిపదికముపై నపత్యార్థమున ఇఞ్ ప్రత్యయము వచ్చును. దక్షుని కొడుకు దాక్షి. ఆ విధముననే కాందిశీకుని కొడుకు కాందిశీకి యగును. మనుమఁడు మొదలుగా గోత్రసంజ్ఞ. మునిమనుమఁడు, వంశమునఁ బెద్దవాఁడు జీవించియున్నచో, యువసంజ్ఞను బొందును. దాక్షాయణునివలె వాఁడు కాందిశీకాయనుఁడు కావలెను. ఎవ్వరును వాడని యీ రూపములను నేను వినోదమునకై సాధింపలేదు. పాణిని చెప్పిన యువశబ్దము వయస్సును దెలుపునది గాదు, పెద్దవాని జీవనమును దెలుపునది. ముసలితనము పైఁబడినవాఁడైనను వంశ్యుఁడు బ్రదికియున్నచో యువయే. పాలు మఱవని పసివాఁడైనను బెద్దలు లేనిచో యువ గాఁడు. శిబిరములలోని యువజనులకు నింతకంటెఁ దగిన నిర్వచనము నాకుఁ గనఁబడలేదు. ఊరి బావిని జూచినవాఁడు, ఇంటి తాళపుచెవిని మొలను గట్టుకొని వచ్చినవాఁడు జీవించియున్నంతవఱకే యా పిల్లలు వినువారు. 1948 నాఁటి పదేండ్ల బాలునకు నేఁ డెనుబదియైదు దాఁటినవి. ఆ పెద్దలు పోయిననాఁడు యువసంజ్ఞ తొలఁగును; విన్నవాఁడే చెప్పువాఁడు గావలసివచ్చును.

ఇఁక నాశాశబ్దము. అమరమున నిది దిక్కు పేళ్లలోఁ బఠింపఁబడినది. కోరిక యను నర్థమునను బ్రసిద్ధమే. ఇవి యొకే శబ్దము గావని ప్రాచీనులు స్వరమునుబట్టి నిర్ణయించిరి. దిక్కు పేరు గానిచో నాశాశబ్ద మంతోదాత్తమని ఫిట్సూత్రములలో విధి గలదు, దిక్కైనచో నాద్యుదాత్తము. వేదము చదువని నోటికి నీ భేదము లేదు, తెలుఁగు నోటికి నసలే లేదు. తెలుఁగున మఱియొక చిత్రము గలదు. "వాని కెవరు దిక్కు" అనఁగా నాశ్రయ మెవ్వరని యర్థము, దిక్కులేనివాఁ డనాథుఁడు. సంస్కృతమున దిక్కును నాశయు నొకే ధ్వనిలోఁ గలిసినవి. తెలుఁగున దిక్కును నాశ్రయము నొకే మాటలోఁ గలిసినవి. కాందిశీకుఁ డనఁగానే దిక్కుమాలినవాఁడను దృశ్యము మన మనస్సున నిలుచుట కీ సంబంధమే కారణము.

కాని శిబిరబాలునకు దిక్కు తెలియదా? తొలినాళ్లలో నొక యూరివా రొకచోట గుడారములు వేసికొనుటచే లెబనాను శిబిరములలోఁ బెక్కు వాడలు విడిచివచ్చిన యూళ్లపేళ్లతోడనే పిలువఁబడుచుండెను. ఎచ్చటివాఁడవని యడిగినచో నచ్చటి బిడ్డ శిబిరము పేరు చెప్పక ముత్తాత యూరిపేరు చెప్పునని యా ప్రాంతములఁ దిరిగినవా రనేకులు వ్రాసియున్నారు; ఆ యూరిలో నిప్పు డొక గోడయైన నిలిచియుండకపోవచ్చును. లెబనాను బిడ్డకు నూరు దక్షిణమునఁ గలదు. గాజా బిడ్డలలోఁ బెక్కుమందికి నుత్తరమునఁ గలదు. వారికిఁ దెలియనిది దిక్కు గాదు, దారి. "ఏ దిక్కునకుఁ బోదును" అని ముత్తాత యడిగెను. ముత్తాత నిలిచినచోట నిలిచి మునిమనుమఁ డా దిక్కును వ్రేలితోఁ జూపుచున్నాఁడు. మై మస్రీ యను దర్శకురాలు 2001లోఁ దీసిన చలనచిత్రమున షతీలా శిబిరపు బాలిక యొకతెయు దెహైషే శిబిరపు బాలిక యొకతెయు లేఖలు వ్రాసికొని, 2000వ సంవత్సరమున ఇజ్రాయేలు సేనలు దక్షిణ లెబనానును విడిచిన పిమ్మట, సరిహద్దు ముండ్లతీఁగకు నిరువైపుల నిలిచి చేతులు తాఁకించుకొందురు. అచ్చటను దిక్కు స్పష్టము, అడ్డము తీఁగ.

ఇప్పుడు రసవిచారము. ఇట్టి రచనలను జదివినవారు వానిని గరుణరసప్రధానములని వ్రాసి కలము దింపుట పరిపాటి. కన్నీరు వచ్చినచోట నెల్లఁ గరుణమే యనుట భరతుని చదువమి. ఆయన నాట్యశాస్త్రపు టాఱవ యధ్యాయమున, వియోగదుఃఖము రెంటను సమానమయ్యుఁ గరుణము నిరపేక్షమనియు విప్రలంభము సాపేక్షమనియు విభాగించినాఁడు. మరలఁ గూడుట కవకాశము లేదని తెలిసిన దుఃఖము కరుణము. కలదను నపేక్ష యుసురుగా నిలిచిన దుఃఖము విప్రలంభము. కాఁబట్టి రెంటికి నడుమ గీఁత గీయునది యాశయే. పోయినవారు మరల లభింతురను చోటఁ గరుణవిప్రలంభ మను నొక భేదమును విశ్వనాథుఁ డంగీకరించినాఁడు. కాదంబరిలో మహాశ్వేత దుఃఖ మట్టిది. విప్రలంభము శృంగారమునకుఁ జేరినది, ఊరిపై మమకారమున కెట్లు చెల్లునని ప్రశ్నింపవచ్చును. దేవాదులు విషయముగాఁ గల రతి రసము గాక భావమని మమ్మటుఁడు చెప్పియున్నాఁడు. భూమిపై రతి నట్లే భావమందము. నాకుఁ గావలసినది రసమను బిరుదు గాదు, సాపేక్షత్వము.

ఈ గీఁత యుపయోగ మెట్టిదో ఘస్సాన్ కనఫానీ నవలలు రెంటిని ప్రక్కప్రక్కను బెట్టి చూడవచ్చును. ఇతఁడు 1936లో అక్కా పట్టణమున జన్మించి, పండ్రెండవయేట నిల్లు విడిచి, డమాస్కసులో శరణార్థుల బడులయందుఁ బాఠములు చెప్పి, పిమ్మటఁ బత్రికాసంపాదకుఁడై, యొక పోరాటపక్షమునకు వాగ్మియై, 1972 జూలై 8వ తేదిని బెయ్రూతులోఁ గారున నమర్చిన బాంబుచే మేనకోడలితోఁ గూడ మడిసినవాఁడు. ఆతని రాజకీయము నిచ్చట విచారింపను. 1963లో వెలువడిన "ఎండలో మనుష్యులు" అను చిన్న నవలలో మువ్వురు పాలస్తీనీయులు కువైటునఁ గూలికై, యుత్తి నీళ్లబండి తొట్టిలో దాఁగి సరిహద్దు దాఁటఁబోవుదురు. వారిలో మర్వాను పదునాఱేండ్లవాఁడు. డబ్బు పంపుచుండిన యన్న పెండ్లాడి మానివేయఁగాఁ జదువు విడిచి బయలుదేఱినవాఁడు. కావలిచోట నుద్యోగులు బండివానితోఁ బరిహాసము లాడుచు నాలస్యము చేయుదురు. లోపలి మువ్వురు నూపిరాడక చత్తురు. ఇది కరుణము, నిరపేక్షము. ఇచ్చట గమనింపవలసిన దేమనఁగా, మర్వాను పోవు దిక్కు తన యూరి దిక్కు గాదు, ఆఁకలి చూపిన దిక్కు. ఈ నవలలోని బాలుఁడే నిజమైన కాందిశీకుఁడు.

1969 నాఁటి "హైఫాకు మరలివచ్చుట" వేఱు. సయీదు, సఫియా యను దంపతులు 1948 ఏప్రిలులో హైఫాను విడుచు తొక్కిడిలో నైదునెలల కొడుకును దొట్టెలోనే కోలుపోయి, 1967 యుద్ధము తరువాతఁ దెఱచిన దారిని మరలివచ్చి చూతురు. ఆ యింట మిరియము అను యూదుస్త్రీ యున్నది. నాజీల మారణమునఁ దండ్రిని దమ్మునిఁ గోలుపోయి యూరోపునుండి వచ్చినది. ఆమెయే యా బిడ్డను బెంచినది. బిడ్డ యిప్పుడు ఇజ్రాయేలు సైనికుఁడు, కన్నవారి నొప్పుకొనఁడు. రెండవ కొడుకు ఖాలిదు రణమునకుఁ బోవ నడుగఁగాఁ దండ్రి వారించియున్నాఁడు. తనకు స్వదేశము గడచిన కాలమనియు, ఖాలిదునకు రాఁబోవు కాలమనియుఁ దండ్రి గ్రహించుటతోఁ గథ ముగియును. మిరియము హైఫాకు వచ్చిన క్రొత్తలోఁ జచ్చిన యరబ్బు బిడ్డ నిద్దఱు యువకులు బండిలోనికి విసరుటను జూచి తన తమ్మునిఁ దలఁచుకొనిన ఘట్టము గ్రంథమున కంతకును శిఖరమని నా యభిప్రాయము. ఎదుటిపక్షమువారి బాల్యదుఃఖమును సమానముగాఁ దూఁచినచోటనే రచయిత గొప్పవాఁడైనాఁడు. దోషము లేకపోలేదు. ఉత్తరార్ధమునఁ బాత్రలు మాటాడుట మాని వాదింపసాగును. అంతకంటెఁ బెద్దది, యాశకు నిలయమైన ఖాలిదు గ్రంథమున నొక్కమాఱైనను గానరాఁడు. వాని నోట నొక్క మాటయైన విననిచ్చియుండిన బాగుండెడిది.

గడచినకాలమును రాఁబోవు కాలమును జెప్పితిని. పాణిని మూఁడవ యధ్యాయము మూఁడవ పాదమున నాశంస తోఁచునప్పుడు భవిష్యదర్థమున భూతకాలప్రత్యయములును, వర్తమానప్రత్యయములును రావచ్చునని విధించినాఁడు. ఇంకను బొందని ప్రియవస్తువును బొందఁగోరుట యాశంస. వృత్తికారు లిచ్చిన యుదాహరణము మన బడిపిల్లల మాటవలె నుండును: ఉపాధ్యాయుఁడు వచ్చెనా, వ్యాకరణము చదివివేసితిమి యనుట. తెలుఁగునను "వాన పడినదా, బ్రదికితిమి" యని రైతు పలుకును. పడలేదు, బ్రదుకలేదు, రెండును రాఁబోవునవే. త్వరగా నను నర్థము గల పదము చేరినచో నీ విధి తొలఁగి భవిష్యత్ప్రత్యయమే వచ్చునని తరువాతి సూత్రము. అనఁగా వేగిరపాటు గలవాఁడు భవిష్యత్తునఁ బలుకును. ఆశ గలవాఁడు భూతమునఁ బలుకును. శిబిరబాలుఁడు "మా యూరఁ నారింజతోఁట గలదు, వాకిట నంజూరపుఁ జెట్టు గలదు" అన్నప్పుడు మనము దానిని స్మృతియని చదివి జాలిపడుచున్నాము. వానికి స్మృతి యెక్కడిది? వాఁడు చూడలేదుగదా. తాత పలికినప్పు డది స్మృతి. మనుమఁడు పలికినప్పు డా వాక్యమే యాశంస. పదములు మాఱలేదు, ప్రత్యయములు మాఱలేదు, వక్త మాఱినాఁడు. ఈ వాఙ్మయమును జదువువాఁ డెవ్వరు పలుకుచున్నారో చూచి గాని కాలనిర్ణయము చేయరాదు.

పరవాసమునఁ బుట్టిన బిడ్డలు పూర్వులకథ చెప్పుట మనకును గ్రొత్త గాదు. కుశలవు లడవిలోఁ బుట్టి, తండ్రి రాజ్యము నెఱుఁగక, తండ్రి కథనే తండ్రి యెదుట గానము చేసిరి. నెల్లూరి తిక్కన నిర్వచనోత్తరరామాయణమును, మా సీమవాఁడే యగు కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును వ్రాసినవారగుటచే నీ ఘట్టము మా ప్రాంతపుఁ బిల్లలకు నింటికథ వంటిది. కాని భేదము గమనింపుఁడు. కుశలవులకుఁ గథ తెలియును, అది తమదని తెలియదు; శ్రోతలు కన్నీరు దాల్చుట యా యజ్ఞానమువలననే. శిబిరబాలునకుఁ గథ తనదని మొదటనే తెలియును. వానికి లేనిది వినుటకుఁ గూర్చున్న రాజు.

ఇట్టి బాలుని బొమ్మగా గీసినవాఁడు నాజీ అల్ అలీ. ఇతఁడు గలిలయ సీమయందలి షజరా యను పల్లెలోఁ బుట్టి, లెబనానులోని ఐనుల్ హిల్వే శిబిరమునఁ బెరిగినవాఁడు. 1987 జూలై 22వ తేదిని లండనులోఁ దుపాకిదెబ్బ తిని ఆగస్టు 29వ తేదిని మరణించెను. 1969లోఁ గువైటు పత్రికయందు హందలా యను పదేండ్ల బాలుని జిత్రించెను. వట్టికాళ్లు, అతుకుల బట్టలు, ముండ్లవలె నిక్కిన వెండ్రుకలు. హందలము మన వైద్యులెఱిఁగిన పాపర; సంస్కృతమున నింద్రవారుణి; చేదునకుఁ బేరు పడిన తీఁగ, వేరు లోఁతుగాఁ బాఱునది. 1973 పిమ్మట నా బాలుఁడు చేతులు వెనుకకుఁ గట్టుకొని మనకు వీఁపు చూపి నిలిచినాఁడు. చిత్రకారుఁ డిల్లు విడిచిన వయస్సే వాని వయస్సు. మరల నిల్లు చేరుదాఁక వానికిఁ బదునొకండవ యేఁడు రాదని యాతఁడు చెప్పెడివాఁడు. ఆరంభమై ముగియని క్రియ గల కాలము వర్తమానమని మన లక్షణము. ఆ లక్షణమునకు నింత సరియైన లక్ష్యము నేఁ జూడలేదు. అన్యులు వాని మొగము కానరాలేదని విచారింతురు. మనకు వీఁపు చూపినవాఁ డెటో యొక దిక్కు చూచుచున్నాఁ డనుట మఱతురు.

ఇంతవఱకు బాలునాశను బొగడితిని. ఇచ్చటనే జంకవలసిన విషయ మొకటి గలదు. బొమ్మలోని బాలుఁడు పెరుగకుండుట యలంకారము. శిబిరములోని బాలుఁడు పెరుగకుండుట యలంకారము గాదు. పెద్దల యాశను మోయుటకు బిడ్డను బల్లకీ బోయీనిగాఁ జేసిన రచన లా వాఙ్మయమునఁ గొల్లలు. వానిలో బిడ్డ కాఁకలి లేదు, అల్లరి లేదు. పుట్టుచునే ప్రతిజ్ఞ చేయును. కనఫానీ బడిలో నుండఁగా జరిగిన యొక వృత్తాంత మిందుకు విరుగుడు. పాఠక్రమము ననుసరించి పండ్లబొమ్మలు గీయుట నేర్పుచు, ఆ పండ్లతో నా పిల్లల బ్రదుకునకు సంబంధమే లేదని యాతనికి హఠాత్తుగాఁ దోఁచి, నల్లబల్ల తుడిచి, మీ శిబిరమునే గీయుఁడనెనఁట. ఆశను బోధింపలేదు; కన్నులయెదుట నున్నదానిని జూడనిచ్చినాఁడు. ఉపాధ్యాయులమగు మన కీ ముక్క ఖాలిదు రణోత్సాహముకంటె విలువైనది.

గాలిపటముల ముచ్చట యిట్టిదే. 2011 వేసవిలో గాజాసముద్రతీరమున శరణార్థిసంస్థ నడపిన యాటలయందుఁ బండ్రెండువేలకుఁ బైఁబడిన గాలిపటములఁ బిల్లలు ఒక్కమాఱుగా నెగురవేసిరి. అది ప్రతిజ్ఞ గాదు, ఆట. గాజాలోని యాచార్యుఁడు రిఫాత్ అల్ అరీర్ ఆ 2011లోనే వ్రాసిన చిన్న కవితలోఁ దన మరణానంతరము గాలిపటము నెగురవేయుమని కోరి, దానిఁ జూచిన బిడ్డ యొకఁ డాకాశమున దేవదూత యున్నాఁడని తలఁచుటను భావించినాఁడు. 2023 డిసెంబరున నాతఁడు విమానదాడిలోఁ జనిపోఁగాఁ బద్య మెన్నియో భాషలలోనికిఁ బోయినది. మరణ ముండియు నపేక్ష బిడ్డకన్నులలో నుంచఁబడుటచే దానిని గరుణవిప్రలంభపుఁ బొలిమేరను నిలుపవలెనని నా తలంపు.

2023 అక్టోబరున మొదలైన యుద్ధమున గాజాలోని బడులు చదువు మాని తలదాఁచుకొను సత్రములైనవి. అందుఁ బెక్కింటిమీఁదను బాంబులు పడినవి. ఆశంసాసూత్రమునకు వృత్తికారు లిచ్చిన యుపాధ్యాయోదాహరణము నేను ముప్పదియేండ్లుగాఁ జెప్పుచున్నాను. అది యుదాహరణమాత్రమే యనుకొంటిని. ఉపాధ్యాయుఁడు వచ్చెనా చదివివేసితిమి యని నిజముగాఁ బలుకవలసిన పిల్లలు లక్షలకొలఁది యుందురని తోఁపలేదు.

మన బర్మావారి సంగతి చెప్పి విరమించెదను. కంచరపాలెపు బర్మా క్యాంపులో నేఁడు గుడారములు లేవు. పేరు మాత్రము చిరునామాయై నిలిచినది. వచ్చినవారికి నోటుహక్కు గలిగెను, బడి గలిగెను, చుట్టములు గలిగిరి. వారి మనుమఁడు "మీదే ఊరు" అన్నచో విశాఖపట్టణమనును. ఏ దిక్కునకను ప్రశ్నకు నచ్చట నుత్తరము దొరకినది గావునఁ గాందిశీకశబ్ద మొక తరముతో నిలిచిపోయి, యపత్యప్రత్యయముల పని లేకపోయినది. అయినను గొండదారిని దండ్రిభుజముపైఁ గూర్చుండి వచ్చిన బిడ్డ కన్నులతో నా నడకను జెప్పవలసిన తెలుఁగు కథకుఁడు తన పని చేసియుండలేదు. ఆనాఁటి బిడ్డలలో జీవించియున్నవారు కొందఱే. వారున్నంతవఱకే వారి మనుమలు యువలు.

కోటలోని బాలునకుఁ బదునైదు దినముల పిమ్మట సమాధానము చెప్పితిని. శిబిరమునఁ బుట్టినవాఁడు కాందిశీకుఁడు గాఁడు, వాని నాశావంతుఁ డనుము, దిక్కు గలవాఁడనియు నాశ గలవాఁడనియు రెండర్థములును వచ్చునంటిని. ఫిట్సూత్రమును జెప్పి, స్వరముచే నర్థము వేఱగుటను జూపితిని. వాఁడు కొంతసేపు పెన్సిలు కొఱుకుచుఁ గూర్చుండి, "అట్లయిన, అయ్యవారూ, ఉదాత్త మెక్కడఁ బెట్టవలెను?" అని యడిగెను.